నాలుగు కాటాలు

టంగుటూరులో పొగాకు వేలం అయిపోయింది.
షెడ్డు ఖాళీ, కాటాలు ఖాళీ.
వాచ్‌మన్ వెంకయ్యకి రెండు టీలు, ఒక బజ్జీల పొట్లం సమర్పించుకుని
ఆ రాత్రి మా మారుతిని తూకానికి తెచ్చాం.
ఒక్కో చక్రం కింద ఒక్కో కాటా.

అంతకుముందు వారమంతా
మాలకొండయ్య దాన్ని శెనక్కాయ ఒలిచినట్టు ఒలిచాడు.
స్టెప్నీ, జాకీ, కాళ్ళకింది పట్టాలు,
తలుపుల్లో ఎప్పుడో మూగబోయిన స్పీకర్లు.
డాష్‌బోర్డు మీద మా అమ్మ అంటించిన యేసుప్రభువుని మాత్రం
"ఆయనెంత బరువులే సలోమక్కా" అని వదిలేశాడు.

వెనక సీటు లేపితే
మూడు రూపాయి బిళ్ళలు, పళ్ళూడిన దువ్వెన,
మూతలేని రక్తం సీసా (ఖాళీదే),
ఒక ఉలవపాడు మామిడి టెంక.
గీరి చూశాను. ఇంకా కొంచెం వాసనుంది.

ఏడొందల తొంభై ఆరు సీసీ, మూడు సిలిండర్లు.
మా వీధి పిల్లలు దీన్ని కుట్టుమిషనంటారు.
తెల్లారుజామున ఊళ్ళు తిరిగి
పరగడుపు షుగర్ల రక్తం పోగేసుకొచ్చేది దీన్లోనే.
పాకల దారిలో ఎండిన రొయ్యల చెరువులో
మేత బకెట్లు బోర్లించి, వాటి మధ్య కార్లు తిప్పే పందెమని తెలిసి
నేను నవ్వాను.
అతను నవ్వలేదు.
"పదేళ్ళుగా సీసా దొర్లకుండా తోలావు.
పందెమంటే అంతే అక్కా,
బరువుని కంగారుపెట్టకుండా
ఈ పక్కనుంచి ఆ పక్కకి పంపడం."

ముందు ఎడమ నూట తొంభై రెండు,
కుడి నూట తొంభై ఎనిమిది,
వెనక నూట పదహారు, నూట పదకొండు.
"ఇప్పుడు నువ్వు కూర్చో."
కూర్చున్నాను.
పొగాకు చెక్కుల్ని చదివే గొంతుతోనే
వెంకయ్య నా బరువు షెడ్డంతా వినపడేలా కూడాడు.
అరవై ఎనిమిది.
ఒక్క కిలో కూడా దాచుకునే వీల్లేదు, సర్కారు కాటాలవి.
నా బరువుకి బదులుగా
బ్యాటరీ వెళ్ళి వెనక ఎడమ మూల కూర్చుంది.

టైరు అంచున సుద్దగీతలు గీశాడు.
ఖాళీ యార్డులో ఎనిమిది ఆకారంలో తిప్పమన్నాడు.
దిగి, మోకాళ్ళ మీద వంగి, టార్చి వేసి
గీత ఎంతవరకు చెరిగిందో చూసేవాడు,
నేను మైక్రోస్కోపులో చూసినంత శ్రద్ధగా.
మొత్తం చెరిగితే గాలి చాల్లేదు.
అసలు చెరక్కపోతే ఎక్కువైంది.
సగంలో ఆగేసరికి రాత్రి పన్నెండున్నర.

ఆదివారం పదకొండు కార్లు.
నెర్రెలిచ్చిన చెరువు అడుగు, ఉప్పు వాసన, బూడిదలాంటి దుమ్ము.
ఖాజావలి స్టాప్‌వాచీ చూసి
మార్కాపురం పలక మీద బలపంతో టైము రాస్తున్నాడు.
బకెట్ పడితే రెండు సెకన్లు అదనం.
మొదటిసారి రెండు పడేశాను. చేతులు వణికాయి.
రెండోసారి బకెట్లనే చూస్తూ, ఒకదాన్ని ఈడ్చుకుంటూ వచ్చాను.
మూడోసారి
పక్క సీట్లో ఐసు డబ్బా ఉందనుకున్నాను,
అందులో కొండపి ముసలాయన రక్తం,
నరం దొరక్క రెండుసార్లు పొడిచి తీసిన రక్తం.
యాభై నాలుగు పాయింట్ ఆరు.
బకెట్లన్నీ నిలబడే ఉన్నాయి.

నాలుగో స్థానం.
కావలి స్విఫ్టు కుర్రాడు నా వెనకే, మూడు బకెట్ల దయవల్ల.
నాలుగో వాళ్ళకి కప్పు లేదు.
చేపలపులుసు అన్నం మాత్రం అందరికీ పెట్టారు.

తిరిగొచ్చాక అన్నీ బిగించాడు, వెనక సీటు తప్ప.
అది వారంగా షెడ్డు బయట ఉంది.
మాలకొండయ్య వాళ్ళమ్మ పిచ్చమ్మ దాని మీద కాళ్ళు ముడుచుకుని
చింతపండు గింజలు తీస్తోంది.
"నాకు నడుముకి బాగుందే" అంది. లేవలేదు.

సోమవారం కారుమంచి మలుపులో
ఎప్పటిలాగే తిప్పాను.
ఎడమ టైరు మీద సుద్ద ఇంకా సగం ఉంది.
సీసాలు దొర్లలేదు.
ఎవరూ పలక మీద రాయలేదు.