ఎడమ చెవితమ్మె

ముందు చెవినే గుర్తుపట్టాను.
ముఖాలు అబద్ధమాడతాయి, చిత్రకారుడికి కూలి ముట్టాక మరీను.
చెవి దగ్గర ఎవరూ మొహమాటపడరు.
ఎడమ తమ్మె మీద చిన్న గాటు,
ఎలుక కొరికిన రొట్టె అంచులా.

గెంట్ నగరంలో, మ్యూజియం నేలమాళిగలో
పాత పటాలకు పట్టిన మసి తుడవడం నా పని.
ఇరవై రెండేళ్లుగా దూదిపుల్లతో, ఉమ్మితో.
నవ్వకండి, ఉమ్మిని మించిన మందు నాకింకా దొరకలేదు.

ఉన్ని వర్తకుడి పటంలో ఆ చెవి.
నూట నలభై ఏళ్ల తర్వాత గీసిన న్యాయాధికారికీ అదే చెవి.
విగ్గు కింద సగం దాక్కుని ఇంకోసారి.
1911లో, పియానో పక్కన, సిగరెట్ పొగలో.
వంశమేమో అనుకున్నాను.
గాటు వారసత్వంగా రాదు కదా.

అప్పటినుంచి చీకటిని తుడిచే ముందు చదవడం మొదలుపెట్టాను.
ఆ పటాల్లో కిటికీలన్నీ మూసే ఉంటాయి.
బల్ల మీద విందు, ఎవరూ ముట్టని ఆల్చిప్పలు,
సగం ఒలిచి వదిలేసిన నిమ్మపండు.
వెలుగంతా ఒక్క కొవ్వొత్తిది.
మా పాఠాల్లో దాన్ని శైలి అన్నారు.
నేనూ పరీక్షలో రెండు పేజీలు నింపాను,
చీకట్లోంచి ఆత్మ ఎలా తొంగిచూస్తుందో.
ఆత్మా లేదు, పాడూ లేదు.
ఆయన పొద్దుగూకితే తప్ప రాలేడు, అంతే.
ఒక్కడి ఎండభయం నేర్పిన విద్య అది.
పక్క ఊరివాళ్లు చూసి నేర్చుకున్నారు,
వాళ్లను చూసి సముద్రం అవతలివాళ్లు.
నాటకాలు దీపాలు పెట్టాక మొదలవడం కూడా
ఆయన చందా చలవేనని నా అనుమానం.

ఎందుకంత డబ్బు పోశాడో చాలాకాలం అంతుపట్టలేదు.
ఒకరోజు పళ్లు తోముకుంటుంటే తెలిసింది.
అద్దం.
అద్దం ఆయనకు వెనకాల గోడనే చూపిస్తుంది.
ఆరు వందల ఏళ్లుగా తన మొహం సంగతి
పరాయివాళ్ల చేతులు చెబితే వినాల్సి వచ్చింది.
ఒకడు ముక్కు పొడుగన్నాడు,
ఒకడు దయగల కళ్లన్నాడు, అప్పుల్లో ఉన్నవాడు.
ఎవణ్ని నమ్మాలో తెలియక
మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ కూర్చున్నాడు.

జాలి పడబోయాను.
అంతలో చిట్టాపుస్తకం దొరికింది,
యోడోకస్ ఫాన్ హెక్ అనే చిత్రకారుడి ఇంటి లెక్కలు:
నీలానికి ఇంత, అవిసెనూనెకు ఇంత.
శిష్యుడు కొర్నేలిస్, పన్నెండేళ్లు, నీరసం, నవంబరు.
శిష్యుడు లీవెన్, నీరసం, జనవరి.
రంగు నూరే పిల్ల మైకెన్,
ఆమెకు కారణం కూడా రాయలేదు,
కొవ్వొత్తుల ఖర్చు పక్కన చిన్న అడ్డగీత.
ఆ కిందే కొత్త పటానికి బయానా.
తెలిసే తీసుకున్నాడు.
చేతిరాత ఎక్కడా వణకలేదు.

మొన్న డిసెంబరులో, నాలుగున్నరకే చీకటి పడ్డ సాయంత్రం,
తలుపులు మూసే వేళకి ఒకాయన వచ్చాడు.
టోపీ తీశాడు. చెవి చూశాను.
బాగుచేస్తున్న పటం ముందు నిలబడి,
దర్జీకి కొలతలిచ్చేవాడిలా బిగుసుకుని అడిగాడు:
"ఇది నా పోలికే అంటారా?"

ఉన్నదున్నట్టు చెప్పడానికే నాకు జీతం.
ఎడమ కన్ను కాస్త వాలింది. పెదవి పల్చన.
అందగాడే, ఒకమాదిరిగా.
అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి.

"ఆ మూల చూడండి" అన్నాను.
"కొవ్వొత్తి వెనక, పోయిన వారమే బయటపడింది.
గిన్నెలో ఎరుపు నూరుతున్న పిల్ల.
ఎవరో ఆమె మీద నలుపు పూయించారు.
ఆ మొహం మాత్రం చక్కగా కుదిరింది."

చాలాసేపు చూశాడు,
తన వైపు కాదు.
నేను దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వచ్చి
గుమ్మం దగ్గర ఆగి
మఫ్లర్ గొంతుకి రెండు చుట్లు చుట్టుకున్నాను.