ఛాతీ యాభైనాలుగు

మంగళవారం తెల్లారి ఐదున్నరకి
మార్కాపురంలో కరెంటుంది, అదే మొదటి విశేషం.
కాశింవలి పలకల షెడ్డులో
రంపం మిషను మీద గోనెపట్టా కప్పి
దాని మీద టీవీ పెట్టాం.
పాతకాలం వస్తాదులంతా ఒక్కరాత్రికి
మళ్ళీ గోదాలోకి దిగుతారని
వారం నుంచి ఊరించి చంపాడు టీవీవాడు.

ఏసోబు రాత్రి డ్యూటీ నుంచి అట్నే వచ్చాడు
రెప్పల మీద పలక దుమ్ముతో.
రిటైరైన లెక్కల సారు చెన్నకేశవులు
"అంతా బొంకురా, ముందే మాట్లాడుకుని కొట్టుకుంటారు" అని
ముప్పై ఏళ్ళ నాటి మాటే మళ్ళీ చెప్పి
అందరికంటే ముందు కూర్చున్నాడు.

మాలకొండమ్మని ఎవరూ పిలవలా.
తనే వచ్చింది.
ఆ రోజుల్లో బజారు మొత్తానికీ ఆమెదొక్కటే కలర్ టీవీ,
మనిషికి పావలా, కిటికీ అయితే పది పైసలు.
నాది కిటికీ.
ఊచల సందులోంచి సగం గోదానే కనబడేది.
ఎడమ పక్క ఎవడు ఎవణ్ణి కొట్టాడో
లోపలోళ్ళ కేకల్ని బట్టి తెలుసుకునేవాణ్ణి.

ముందు పాట వచ్చింది, మనిషి రాలా.
పాట సగమయ్యాక వచ్చాడు సైక్లోన్ కార్వర్,
మా నోట్లో సైకిల్ కార్వర్.
పైతాడు మీంచి గద్దలాగా దిగేవాడు ఒకప్పుడు.
ఇప్పుడు మెట్టు మీద ఒక కాలు పెట్టి
రెండోది దాని పక్కనే పెట్టి
ఆగాడు.
కోటు విప్పలేదు.
"కోటిప్పరా" అన్నాడు ఏసోబు, చిన్నగా,
చుట్టాన్ని బతిమలాడినట్టు.

నా జేబులో ఉండాల్సిన అట్టముక్క కాశింవలి దగ్గరుంది.
సైకిల్ కార్వర్, ఎత్తు ఆరడుగుల ఆరు,
బరువు నూట నలభై ఒకటి, ఛాతీ యాభైనాలుగు.
ఏడో తరగతిలో, అన్నం బెల్లుకి,
"ఛాతీ" అన్నాను ధైర్యంగా.
వాడి చేతిలో జైలర్ గ్రిమ్స్, యాభైఆరు.
పోయింది కార్డు.
మూడు రోజులు అన్నం సయించలా.

అప్పట్లో ఛాతీ అంటే మాకు అంకె.
తర్వాతెప్పుడో ఒంగోలు ఆస్పత్రిలో
ఏసోబు ఛాతీని వెలుతురుకెత్తి
డాక్టరు చూసిన అట్టలో
అంకె ఏదీ లేదు,
తెల్లటి మబ్బులున్నాయి.

ఇంతలో దీపాలార్పి
తాళాలగుత్తి చప్పుడు వినిపించారు.
జైలర్ గ్రిమ్స్!
మేం టీవీకి చెప్పులు విసిరిన గ్రిమ్స్,
వెనకనించి గుత్తితో నెత్తి పగలగొట్టే గ్రిమ్స్,
చెన్నకేశవులు సారుకి మేం పెట్టుకున్న పేరు గ్రిమ్స్
(ఆయనకి ఇప్పటికీ తెలీదు).
చేతికర్రతో వచ్చాడు.
అక్కడ వేలమంది లేచి చప్పట్లు.
"చేసినవన్నీ మరిచి చప్పట్లేందయా!"
అని అరిచింది సారే,
బొంకన్న సారే,
కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

ఇద్దరూ ఎదురుబొదురు నిలబడ్డారు.
గ్రిమ్స్ తన తాళాలగుత్తి
కార్వర్ చేతిలో పెట్టాడు.
అంతే.
మోకాళ్ళ నొప్పుల నూనె ప్రకటన వచ్చింది.

షెడ్డు రెండుగా చీలింది.
"ఒక్క దెబ్బన్నా లేకుండా ఇదేం పండగరా!
ఆ గుత్తి ఒక్కసారి నెత్తిన వేసుంటే
నిమ్మళంగా పోయి పడుకునేవాణ్ణి" ఏసోబు.
"ఇన్నేళ్ళలో వాళ్ళు చేసిన నిజం ఇదొక్కటే" సారు.
నాకు మాత్రం
ఊచలు అడ్డం లేకుండా గోదా మొత్తం కనబడటమే
ఎందుకో బాగాలేదు.

మాలకొండమ్మ చీర దులుపుకుని లేచింది.
"అంతమంది ఉండి
కర్ర పట్టుకున్నాయన మెట్టు దిగేటప్పుడు
ఒక్కడన్నా చెయ్యందించలా."
ఆమెకి మొదట్నించీ గ్రిమ్సే ఇష్టమట.
"చెబితే మీరు రారు గదరా,
నా పావలాలు పోవూ!"

ఏడయింది. గోనెపట్టా తీశారు.
"ఆ అట్టముక్క ఇంకా ఉందా?" అడిగాను.
"బీరువాలో ఉంది."
"ఇచ్చెయ్యి."
మిషను స్విచ్చి మీద చెయ్యి పెట్టి నవ్వాడు కాశింవలి.
"ఊరికెట్ల ఇస్తా? రాత్రికి రా, ఆడి గెలుచుకో."
వాకిట్లో ఏసోబు దగ్గుతూ సైకిలెక్కుతున్నాడు.
వాడు మలుపు తిరిగిందాకా ఆగి
గొంతు తగ్గించాడు:
"ఏసోబుని కూడా రమ్మందాం.
ఛాతీ మాత్రం అడగబాక."