రెండు గురువారాలు

ఆక్లాండ్ నుంచి శాంటియాగో
తొమ్మిది వేల ఆరువందల చిల్లర కిలోమీటర్లు.
గాలి వెనకనుంచి తోస్తే పదకొండు గంటలు,
ఎదురొస్తే పదమూడు.
కాగితం మీద ఇంతే.

నైరీ పాదాల మధ్య నీలం పెట్టె.
లోపల ఎవరిదో ఎముకల మూలుగ,
అరసంచీ కూడా ఉండదు.
పేరుండాల్సిన చోట ఒక అంకె.
ఇచ్చిందెవరో తెలియదు, పుచ్చుకునేదెవరో అసలే తెలియదు.
ముప్పై ఒక్కేళ్లు వాంగనూయి వీధుల్లో
ఉత్తరాలు పంచిన మనిషికి
పేరు లేని బట్వాడా ఇదే మొదలు.

ఎక్స్‌రే పెట్టనివ్వద్దు, కుదిపెయ్యొద్దు,
రెండు డిగ్రీలకు తగ్గొద్దు, ఎనిమిది దాటొద్దు.
నిద్రపోవద్దని మాత్రం ఎవరూ చెప్పలేదు.
అది ఆమె పెట్టుకున్నది.

లేచిన కాసేపటికే ఒక గీత దాటారు.
విమానం తడబడలేదు, గ్లాసులో నీళ్లు కదల్లేదు,
గురువారం సాయంత్రం కాస్తా
బుధవారం సాయంత్రమైపోయింది.

పక్క సీట్లో రెమిహియో,
గొర్రెల బొచ్చు కత్తిరించే సీజను ముగించుకుని
మగయానెస్ వెళ్లిపోతున్నాడు.
చేతులు ఎంత కడిగినా ఉన్ని జిడ్డు వాసన.
తెర మీద బుల్లి విమానం
నీలానికి ఈగలా అతుక్కుపోయింది.
"ఎంత దూరమంటావ్?" అంది, మాట కలపడానికి.
అతను వేళ్లు మడిచాడు. గొర్రెకు రెండు నిమిషాలు.
"మూడువందల ముప్పై గొర్రెలు,
మధ్యలో టీకి లేవకపోతే."

ఆమెకూ ఒక లెక్కుంది. చెప్పలేదు.
ఒకసారి, వానలో, కుక్క తరిమితే
ఒక ఉత్తరం సంచి అడుగున ఉండిపోయింది.
మర్నాడు పట్టుకెళ్లి ఇచ్చింది.
తలుపు తీసినాయన అక్కడే నిలబడి చదివి
"నిన్నైతే వెళ్లేవాణ్ణి" అన్నాడు.
ఎక్కడికని ఆమె అడగలేదు.
ఆ గేటు రంగు ఇప్పటికీ చెప్పగలదు.

కింద సముద్రం. దీవి లేదు, దీపం లేదు.
అర్ధరాత్రి దాటాక
ఒకసారి వాడేసిన గురువారమే
ఉతికి ఆరేసినట్టు మళ్లీ వచ్చింది.

శాంటియాగోలో మధ్యాహ్నం ఒంటిగంట.
నర్సు ఒరియానా పెట్టె తెరవకుండానే
మీటరు చూసింది: నాలుగు డిగ్రీలు.
సంతకం. ఇంకో సంతకం.
తర్వాత ఆమె పరుగెత్తలేదు గానీ
నడక అనడానికీ లేదు.

నైరీ చేతులు ఖాళీ.
బజారులో రెండు పీచ్ పళ్లు కొని
బెంచీ మీద తింటోంది, మోచేతి దాకా రసం కారింది.
ఎదురుగా గడియారంలో ఆరైంది.
గురువారం, సాయంత్రం ఆరు.
అక్కడ విమానం లేచిన గంట.
బయల్దేరకముందే చేరిపోయింది బట్వాడా.
ఆ గేటు దగ్గరి మనిషి ఉంటే
చెప్పేదేమో.

తిరుగు ప్రయాణం శుక్రవారం,
అర్ధరాత్రికి పది నిమిషాల ముందు.
ఎదురుగాలి. కిటికీ నిండా ఒకటే చీకటి,
చీకటితో పాటే పడమరకు పోతూ పోతూ
తెల్లవారనే లేదు.
దిగేసరికి ఆదివారం, ఇంకా మసకే.

ఫారంలో చివరి గడి: ఖర్చులు.
టాక్సీ. నీళ్లసీసా. పీచ్ పళ్లు, రెండు.
పెన్ను కాసేపు గాల్లోనే ఉంచి
కింద రాసింది:
శనివారం, ఒకటి.