అంగుళమున్నర

చీపురుపల్లి రైలుగేటుకి ఇవతల,
మాంగనీసు లారీలు నల్లదుమ్ము రాల్చుకుంటూ
గరివిడి వైపు తిరిగే మలుపులో నా కొట్టు.

పశువులాసుపత్రి తవిటమ్మ
యెజ్డీ మీద రాలేదు, దాన్ని తోసుకుంటూ వచ్చింది.
నెల్లిమర్ల మిల్లులో పని మానేసిన సూపర్వైజరు దగ్గర
నాలుగు నెలల జీతం పోసి కొన్నదట.
నాకన్నా రెండేళ్లు చిన్నది బండి.
ట్యాంకు ఎరుపు ఎండకి వెలిసి
ఇటుకపొడి రంగుకి దిగింది.

"ఎక్కితే కాళ్లందవు బావూ.
నిన్న కర్లాంలో ఈనలేక కొట్టుకుంటున్న గేదెని చూడ్డానికెళ్లి
దాని ముందే పడ్డాను.
అది ఈని లేచింది గానీ
నేను లేవలేకపోయాను."

సీటు కోయిస్తే పోద్ది కదా అన్నాను.
రోజుకి నలభై కిలోమీటర్లు,
ఎముకల మీద కూకుని తిరగమంటావా అంది.

అయితే వెనక షాకులు పొట్టివి వెయ్యాలి.
చెప్పాల్సిందంతా చెప్పాను:
సెంటర్ స్టాండు మొరాయిస్తాది,
సైడు స్టాండు పొడుగైపోయి గాలికే బండి పడిపోద్ది,
లైటు ఆకాశం చూస్తాది, సైలెన్సరు నేల నాకుతాది.
"ఒకచోట దించితే ఇంకోచోట లేస్తాది తల్లీ,
బండైనా ఇల్లైనా."
"ఇంట్లో ఎవరూ నేరు గానీ
బండి సంగతి చూడు."

పాతినపసామాన్ల వాడి గోనెసంచిలో
ఏ బండివో తెలీని జత దొరికింది.
టేపు పెట్టాను. అంగుళమున్నర తక్కువ.
కన్నాలు కలవలేదు,
బుష్షులు ఆకురాయితో గీసి గీసి కూర్చోబెట్టాను.
పద్నాలుగు నంబరు పానా జారి బొటనవేలు చితికితే
తవిటమ్మ సంచీ తీసి
పశువుల పుండ్లకి రాసే ఊదారంగు మందు రాసింది.
వారం దాకా అది వేలు కాదు,
లేత వంకాయ.

సైడు స్టాండు కోసి మళ్లీ అతికించాను.
చీకటి పడ్డాక, తాటిమట్టలు లెక్కపెడుతున్న లైటుకి
మెడ వంచి రోడ్డు చూపించాను.
పరీక్షకి నేనే ఎక్కాను.
ఆరడుగుల మనిషిని, మోకాళ్లు హ్యాండిలుకి కొట్టుకున్నాయి.
ముప్పయ్యేళ్లుగా ఏ బండి బాగుచేసినా
నా కాళ్లు ఆనాయా లేదా అనే చూశాను.
తీసుకెళ్లినవాళ్లు
గతుకుల్లో, సంతల్లో, గేట్ల దగ్గర
ఎలా నిలబడ్డారో
ఒక్కసారీ అడగలేదు.

పాత షాకులు పేపర్లో చుట్టి దాచమంది.
"రేపెవరైనా పొడుగోళ్లు కొంటే ఇవ్వాలి కదేటి."

మర్నాడు గేటు పడింది.
గూడ్సు. యాభై ఎనిమిది పెట్టెలు.
ఆటోల మధ్య తవిటమ్మ
రెండు చెప్పులూ మడమల దాకా కంకర మీద ఆనించి
కూర్చుని ఉంది.
ఇంజను ఆపలేదు, కిందికి చూడలేదు,
అరటిపండు ఒలుచుకుంటోంది.
ఆమెకి బండి నడపడం ఎప్పుడో వచ్చు.
రానిది ఆగడం.

ఇంతవరకూ బాగానే ఉంది.

కొట్టుకెదురుగా పంచాయతీవాళ్లు
కొలతా పాడూ లేకుండా పోసిన స్పీడుబ్రేకరుంది.
రోజూ పొద్దున్న ఏడింటికి
సైలెన్సరు దాని మీద గీసుకుంటాది.
టీ గ్లాసు పట్టుకున్న నా పళ్లు జివ్వుమంటాయి.
ముందే చెప్పాను కదా అనుకుంటాను.
ఆమె కూడా ఏమీ అనదు,
చెయ్యూపి పోద్ది.
అదే ఎక్కువ గీసుకుంటాది.

మొన్న రాత్రి ఆఖరి పాసింజరు వెళ్లిపోయాక,
గేటుమేను కునుకు తీస్తుండగా,
గునపం తీసుకుని రోడ్డు మీదికెళ్లాను.

టేపు కూడా.