వాసెన గుడ్డ

పాతపట్నం నుంచి పర్లాకిమిడికి ఆటోలో పావుగంట.
ఆ పావుగంటలోనే బోర్డుల మీద అక్షరాలు
గొడుగులు వేసుకుంటాయి.

కోడలిగా వచ్చిన ఏడు
నాకు చేతనైన వంట ఒక్కటే, ఉడకేయడం.
చిలగడదుంపలు నీళ్ళలో పడేసి
మూత కింద గుడగుడ వింటూ కూర్చునేదాన్ని.
దుంప మెత్తబడేది, నీళ్ళు రంగు తిరిగేవి,
తీపి సగం దుంపలో, సగం కుండలో.
ఎవరిది ఎవరికి పోయిందో
ఎవరూ లెక్క అడగలేదు.

మాకింకా కార్తీకమే,
పక్కింటి కుంతలా సాహుకు అప్పుడే మార్గశిరం.
పెద్దకొడుకు పేరున పండగని
పెరట్లో పసుపాకులు కోసింది.
మినుమూ బియ్యమూ రుబ్బిన పిండి ఆకు మీద పరిచి
నడిమధ్య కొబ్బరీ బెల్లమూ పెట్టి, మడిచి,
డేగిసా మూతికి తడిగుడ్డ బిగించింది.
"దీన్ని మా అమ్మమ్మ వాసెన అంటుంది" అన్నాను.
తన మాటేదో తనూ చెప్పింది, నాకు పట్టలేదు.
ముడి మాత్రం ఇద్దరం ఒకేలా వేశాం.

నీళ్ళు అడుగున ఉన్నాయి.
పిండి పైన ఉంది.
ఒకదాన్నొకటి ముట్టుకోలేదు.
అయినా ఉడికింది.
విప్పి చూస్తే దేని రంగు దానిదే,
దేని అంచు దానిదే.
పసుపాకు వాసన ఒక్కటే లోపలిదాకా వెళ్ళింది.

గోడ ఇవతలనుంచి మా అత్త గవరమ్మ:
"ఏటే ఈ సోకు?
ఉడకేస్తే గంజైనా మిగిల్తాది.
ఆవిరి ఎవుడి కడుపులోకెల్తాది?"

నవ్వబోయి ఆగాను.
ముగ్గురు పిల్లల్ని గంజి మీదే నిలబెట్టిన మనిషి.
వాళ్ళు తాగగా మిగిలింది మేకకి,
మేక వదిలింది నేతచీరకి.
ఆమె వార్చిన నీళ్ళు
ఒక్కనాడూ ఊరికే పారిపోలేదు.

సంతలో సొంబారి అడవిదుంపలు అమ్ముతుంది.
సవర మాటలోంచి తెలుగులోకి
రాయి మీంచి రాయి మీదికి దాటినట్టు దాటుతూ
నా చేతిలో దుంప చూసి తల అడ్డంగా ఊపింది.
"ఆవిరికి లొంగదమ్మా ఇది.
ముక్కలు కోసి రాత్రంతా గెడ్డలో ఉంచాల,
మూడు నీళ్ళు మార్చి ఉడకెయ్యాల.
ఆవిరి తీపిని దాస్తాది.
విషాన్నీ దాస్తాది."

సంచీ మోసుకుంటూ వస్తున్నంతసేపూ
నాలో మూడు నీళ్ళు మార్చాల్సినవి ఏవేవా అని వెతికాను.
కొన్ని దొరికాయి.
చెప్పను.

మరుసటేడు నేనే కట్టాను వాసెన.
తొందరపడి ముడి లాగాను.
మరుగుతున్న నీళ్ళతో ఇదివరకు కాలాను,
అవి కనిపిస్తాయి, చప్పుడు చేస్తాయి,
తప్పుకోవడానికి వీలిస్తాయి.
ఇది కనిపించనే లేదు.
మణికట్టు మీద వాలి
అక్కడే మళ్ళీ నీళ్ళయిపోయి
తన వేడంతా నాకిచ్చేసింది.

కేక విని గవరమ్మత్త వచ్చింది.
తిట్టలేదు.
పొద్దున్న వార్చిన గంజి చల్లారి ఉంటే
అందులో నా చెయ్యి ముంచి పట్టుకుంది.
తెల్లటి, జిగురు చల్లదనం.
చాలాసేపు ఇద్దరం ఏమీ అనలేదు.
పొయ్యి ఎవరూ ఆర్పలేదు,
అడుగున నీళ్ళు ఇంకా మరుగుతూనే ఉన్నాయి.

ఖాళీగా ఉన్న చేత్తో ఆమె ఒక ఆకు విప్పింది.
"ఈనెలు అచ్చుపడ్డాయే" అంది.
వేలితో ఒక గీత వెంట పోయింది,
రేషను కార్డు మీద చదవలేని తన పేరు వెంట
పోయినట్టు.
తుంచి నోట్లో వేసుకుంది.
"ఉప్పు సాల్నేదు."
ఇంకోటి తీసుకుంది.

సాయంత్రం డేగిసా దించి
అడుగున మిగిలిన నీళ్ళు వాసన చూసింది.
పారబోస్తుందేమో అనుకున్నాను.
చల్లారబెట్టి, తవుడు కలిపి
మేక ముందు పెట్టింది.