ఒక్క బైసా

సోహార్‌లో రియాల్‌కు వెయ్యి బైసాలు.
చుక్క తర్వాత మూడు అంకెలు పడాలి,
రెండేసి ఊరుకుంటే సాఫ్ట్‌వేర్ ఊరుకోదు.

ఇవాళ నెలాఖరు.
రేవు పక్కన పోర్టా క్యాబిన్‌లో
ఏసీ కింద పెట్టిన బకెట్ చుక్కచుక్కగా నిండుతోంది.
అందరూ వెళ్లిపోయారు,
నేనూ ఏడో నంబర్ ఇన్వాయిసూ మిగిలాం.

వరుస వరుసకూ అయిదు శాతం పన్ను వేస్తే ఒక మొత్తం,
అన్నీ కూడి ఆఖర్న వేస్తే ఇంకో మొత్తం.
రెంటి మధ్యా ఒక్క బైసా.
నేలమీద పడేస్తే ఎవరూ వంగి తీసుకోరు.
దానికోసం ఎనభై వేల రియాళ్ల బిల్లు
గడప దాటనని మొరాయించింది.

మా సిరిసిల్లలో మగ్గం ఇలాగే ఆగేది
ఒక పోగు తెగితే.
నాయిన లైటన్నా వేయకుండా
వేల పోగుల్లోకి చెయ్యి పోనిచ్చి
తెగినదాన్ని తడిమి పట్టేవాడు.
నా వేళ్లకు కళ్లు లేవు.
మౌస్ చక్రం తిప్పుతున్నాను
రెండొందల పన్నెండు వరుసలు
పైనుంచి కిందికి, కిందినుంచి పైకి.

నూట నలభై మూడో వరుస దగ్గర ఆగాను.
బైసా అక్కడ లేదు.
అక్కడ మ్యాకల పోశెట్టి ఉన్నాడు.
స్కఫోల్డింగ్, పదకొండు గంటలు, ధర సున్నా.
పక్కన: బిల్లుకు రాదు.

ఆ రోజు నాకు గుర్తే.
షమాల్ గాలి లేచి క్రేన్ ఆపేశారు.
కదలొద్దన్నారు, ఇంకాసేపట్లో తగ్గుతుందని.
పొద్దుగూకినా తగ్గలేదు.
కళ్లనిండా ఇసుకతో వచ్చి
టైమ్‌షీట్ చేతికిస్తూ అన్నాడు:
"పని చెయ్యలే గని సార్, నిలబడ్డ.
నిలబడ్డది రాస్తరా?"
రాశాను.
మా ఆఫీసులోనే ఎవరో సున్నా చేశారు.
మేం బిల్లు వేయకపోతే
మనిషిని పంపిన కంపెనీ కూలి ఇవ్వదు.
ఇక్కడి సున్నా అక్కడికి చేరేసరికీ సున్నానే.

మా అమ్మ వెయ్యి బీడీలు చుట్టి పట్టుకుపోతే
మున్షీ కట్టలు విప్పి, వేళ్లతో దొర్లించి
నలభై బాగలేవని పక్కకు తీసేవాడు.
తీసినవి పారేసేవాడు కాదు,
అవీ అమ్ముడుపోయేవి.
అడ్జస్ట్‌మెంట్ అనే మాట నాకు ఆలస్యంగా వచ్చింది గానీ
ఆ పని నేను ఆకుల గంప పక్కన కూర్చునే చూశాను.

అడ్జస్ట్‌మెంట్ నొక్కాను.
పదకొండు గంటలు,
గంటకు ఒక రియాల్ మూడొందల అరవై అయిదు బైసాలు.
కారణం రాయమంది.
గాలి, అని రాశాను.
కనీసం పది అక్షరాలుండాలని ఎర్రబడింది.
ఇంగ్లీషులో ఏం రాసినా
మా మేనేజర్ బినోయ్ దగ్గర దానికో జవాబుంటుంది.
తెలుగులో కొట్టాను:
గాలికి ఎదురు నిలబడ్డాడు.

తీసుకుంది.
కానీ దానికి మన అక్షరాలు రావు.
కాగితం మీద ఖాళీ గళ్లు అచ్చయ్యాయి,
ఒకదాని పక్కన ఒకటి,
తలుపులేసిన క్యాంపు గదుల్లా.

మళ్లీ కూడితే తేడా
ఇప్పుడు రెండు బైసాలు.
నవ్వొచ్చింది, ఒక్కణ్ణే కాబట్టి గట్టిగానే నవ్వాను.

రౌండింగ్ అని ఒక వరుసుంది. సాయంత్రమే వాడొచ్చు.
తెగిన పోగును దాటేసి నేసినట్టుంటుందని
ఇంతసేపూ ముట్టుకోలేదు.
ఇప్పుడు వాడాను.
దానికి మాత్రం కారణం అడగలేదు.

సబ్మిట్.
పొద్దున్నే మస్కట్ నుంచి ఖల్ఫాన్ ఫోన్ చేస్తాడు,
నూట నలభై మూడులో ఆ డబ్బాలేమిటని.
ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.
బకెట్ అంచుదాకా వచ్చింది,
ముందు దాన్ని పారబోసి రావాలి.