ద్వారబంధానికి తువ్వాలు

ముహర్రక్‌లో ఈ ఇంటికి నూట పదేళ్ళు.
తలుపు ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు.
పొడుగాటి అతిథి ఎవరొచ్చినా
ఇంటికి మొదటి దండం నుదుటితోనే పెడతాడు.
నేను పాత తువ్వాలు నాలుగు మడతలేసి
ద్వారబంధానికి కడతాను.
హెస్సా వచ్చి విప్పేస్తుంది.
"సువార్తా, ఇది మా ముత్తాత తలుపు.
ఫొటోలో తలకి కట్టు కట్టినట్టుంది."
"తలకి కట్టు పడకూడదనే కదమ్మా."
నాలుగేళ్ళుగా ఇదే మా గొడవ,
స్నేహమూ ఇదే.

ఆవిడ ఆర్కిటెక్టు.
పగడపు రాతి గోడకి మేకు కొట్టనివ్వదు.
ఏసీ పెడితే గోడ గుండెకి చిల్లంటుంది.
ఆగస్టులో గాలి బురుజు కేసి
చేపల్లా నోళ్ళు తెరుస్తారు జనం.
నేను సీసాల్లో నీళ్ళు గడ్డకట్టించి
గలీబుల్లో చుట్టి పక్కలో పెడతాను,
పసిపిల్లల్ని పెట్టినట్టు.
అతిథుల పుస్తకంలో రాస్తారు:
ఇంటికి పది. నిద్రకి నాలుగు.
తీపి సేమ్యా మీద గుడ్డట్టుకి
ఒకావిడ పదకొండు వేసింది.
అది నా పద్దు.

మజ్లిస్‌లో అద్దాల పెట్టెలో త్రాసుంది.
ముత్యాలు తూచినది.
తమలపాకంత కూడా లేవు సిబ్బెలు.
దుమ్ము తుడిచేది నేనే.

నవంబరులో ఒక ముసలాయన దిగాడు, జుమా సంగూర్.
మనవడు చెయ్యి పట్టుకుని తెచ్చాడు.
ఒక్క రాత్రికి డబ్బు కట్టారు.
"తల, తల!" అని నేను అరిచేలోపే
ఆయన నడుం వంచేశాడు,
పైకి చూడకుండానే,
ఒంటికి గుర్తున్నట్టు.

మజ్లిస్ గుమ్మంలో ఆగిపోయాడు.
వాళ్ళ నాన్న సముద్రం అడుగుకి మునిగే మనిషట.
ఏటా లెక్క ఈ గదిలోనే.
తెచ్చింది సిబ్బెలో, బాకీ కాగితం మీద.
ఏ ఏడూ కాగితమే బరువు.
నాన్న పోతే ఆ బాకీ అన్న మెడకి దిగింది.
మనవడు చెబుతూనే ఉన్నాడు,
ముసలాయన వెళ్ళి బయట అరుగు మీద కూర్చున్నాడు.
"మా చోటు ఇదే."

మా మాటలో
చరిత్ర అంటే జరిగిన కథ,
చరిత్ర అంటే మనిషి గుణం కూడా.
మా అమ్మని పెరటి గుమ్మంలో నిలబెట్టి
దోసిట్లోకి నీళ్ళు ఎత్తిపోసిన ఇళ్ళు నాకు తెలుసు.
వాటికీ నూరేళ్ళుంటాయి.
వాటి తలుపులకీ మంచి నగిషీలే.

అరుగు మీదకే పట్టుకెళ్ళాను
సేమ్యా, గుడ్డట్టు, యాలకుల కాఫీ.
హెస్సా వచ్చి దల్లా నా చేతిలోంచి తీసుకుంది.
అరుగు కింద మెట్టు మీద కూర్చుని
ఎడం చేత్తో పోసి, కుడి చేత్తో అందించింది.
కప్పు ఊపితే చాలని అర్థం ఇక్కడ.
ఆయన ఊపలేదు.
మళ్ళీ పోసింది. ఊపలేదు.
ఏడో, ఎనిమిదో, నాకు లెక్క తప్పింది.
లోపలికెళ్ళి ఇంకో దల్లాకి నీళ్ళు పెట్టాను.
క్షమించమన్న మాటేదీ నా చెవిన పడలేదు.
నాది వంటింటి అరబ్బీ,
అన్నా నాకు అందలేదేమో.

పొద్దున్న చూస్తే పక్క నలగలేదు.
సీసా మాత్రం తాగేశాడు.
పుస్తకంలో నాలుగు వరుసలు రాశాడు,
మార్కుల గళ్ళు ఖాళీ.
హెస్సా చదివింది. మూసింది.
నేను అడగలేదు.

ఆ రోజే తువ్వాలు కట్టాను.
వారమైంది, ఎవరూ విప్పలేదు.
నిన్న ఒక డచ్ ఆయన తల గుద్దుకుని,
తడుముకుని, నవ్వి,
తువ్వాలు అంచు పట్టి చూస్తూ అడిగాడు,
ఇదీ నూట పదేళ్ళదేనా అని.
కాదు బాబూ, నిరుడు కొన్నది.
మూడు దీనార్లకి నాలుగు.